ఆపిన డబ్బుకు వడ్డీ ఎవరు కడుతున్నారు?

పెద్దలకు నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు.

కామర్స్, ఎంబీఏ చదువుతున్న మన బరంపురం తెలుగు పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడమన్నారు. మీలో కొందరు రేపు భువనేశ్వర్‌కో విశాఖకో ఉద్యోగానికి వెళతారు, కొందరు ఇక్కడే నాన్నగారి కొట్లో కూర్చుంటారు. పరీక్ష కాగానే సూత్రాలు మరిచిపోతాం. ఏది ఖర్చు, ఏది ఆదా అని రాసుకునే అలవాటు మాత్రం రిటైరయ్యేదాకా వదలదు. నా బెంగంతా దాని గురించే.

వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ వ్యాపారంలో తిరిగే డబ్బు, పాఠం తీసుకోండి. రావలసింది త్వరగా రాబట్టు, ఇవ్వవలసింది ఆలస్యంగా ఇవ్వు అని నేర్పుతాం. మన డబ్బు ఎన్నాళ్లు ఇరుక్కుందో తెలియడానికి సరుకు నిలవున్న రోజులకు వసూలు రోజులు కలిపి, మనం చెల్లించే రోజులు తీసేయమంటాం. లెక్క సరైనదే. ఆ రోజులు ఎవరింట్లో గడుస్తున్నాయని మాత్రం ఏ ప్రశ్నపత్రమూ అడగదు.

సొంత మగ్గం మీద, సొంత నూలుతో కుంభం అంచు పట్టుచీరలు నేసే దేవాంగుల ఇంటికి ఒక కొట్టు 20,000 రూపాయలు ఇవ్వాలి అనుకుందాం. రెండు నెలలు ఆపారు. కొట్టుకు బ్యాంకు అప్పు ఏడాదికి 12 శాతానికి దొరుకుతుంది కనుక, ఆ మేరకు అప్పు తేనక్కర్లేక మిగిలిన వడ్డీ 400. నేతగాడి మగ్గం ఆగకూడదు, పట్టు, జరీ కొనాలి. నూటికి మూడు రూపాయల నెల వడ్డీకి తెచ్చుకుంటే రెండు నెలలకు 1,200 పోతుంది. ఒకరికి 400 మిగలడానికి ఇంకొకరికి 1,200 పోయింది! కొట్టు పుస్తకంలో ఆ 400 కనిపిస్తుంది. 1,200 ఏ పుస్తకంలోనూ ఉండదు. మన చదువు ఆ మొదటి అంకె చూసే మార్కులు వేస్తుంది, ఉద్యోగంలో ప్రమోషనూ దాన్ని చూసే ఇస్తారు.

కోల్‌కతాలో పుట్టి లండన్ బిజినెస్ స్కూల్లో పాఠాలు చెప్పిన సుమంత్ర ఘోషాల్ దీన్నే గట్టిగా పట్టుకున్నారు. ఆయన 2004లో పోయారు, ఈ మాట రాసిన వ్యాసం 2005లో అచ్చయింది. పదార్థం గురించి తప్పు సిద్ధాంతం చెబితే పదార్థం మారదు, మనుషులు స్వార్థపరులని పాఠం చెబితే విన్నవాళ్లు క్రమంగా అలాగే నడుస్తారని ఆయన వాదన. నేను దాన్ని పూర్తిగా నమ్ముతాను. సత్యం కంప్యూటర్స్ సంగతి మీరు వినే ఉంటారు. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రాసిన ఉత్తరంలో, లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. ఆయన అమెరికాలో ఎంబీఏ చదివినవారు. ఆ కంపెనీ బోర్డులో పేరుమోసిన బిజినెస్ స్కూళ్ల ఆచార్యులూ ఉండేవారు. చదువు తక్కువై జరిగింది కాదది.

చట్టం మనకంటే ముందే మేలుకుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం చిన్న ఉత్పత్తిదారుకు రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకుంటే 15 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ. 2024-25 మదింపు సంవత్సరం నుంచి, గడువు దాటించిన బాకీని కొట్టు తన ఆదాయపు పన్ను లెక్కలో నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి. అయితే ఆ రక్షణ కావాలంటే మగ్గం ఉద్యమ్ పోర్టల్లో, అంటే చిన్న పరిశ్రమలు నమోదయ్యే ప్రభుత్వ వెబ్‌సైటులో, నమోదై ఉండాలి. దానికి రుసుమేమీ లేదు, ఆధార్, పాన్ ఉంటే మీరు ఫోన్లోనే చేసిపెట్టగలరు. దయచేసి ఆ పని చేయండి.

ఇంకొకటి అడుగుతాను. ఈసారి ప్రాజెక్టుకు ఒక కొట్టు లెక్కా, దానికి చీరలిచ్చే ఒక మగ్గం లెక్కా పక్కపక్కన రాయండి. మన ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రకు ముందు, చీరలు బాగా ఎత్తే నెలలు ఎంచుకోండి. చీర ఇచ్చిన తేదీ, డబ్బు చేతికందిన తేదీ, మధ్యలో తెచ్చిన అప్పు, దాని వడ్డీ, నాలుగూ అడిగి రాయండి. సిలబస్‌లో లేదని మీ గైడ్ అంటే నాకు కబురు పెట్టండి, నేను వచ్చి ఆయనతో మాట్లాడతాను.