ఆ నంబర్ ఎక్కడ కొలిచిండ్రు? వడ్ల గింజ నుంచి బ్లాక్ హోల్ దాకా

నమస్తే అందరికీ. ఈ మధ్య కొన్ని నంబర్లు ఫోన్లల్ల మస్తు తిరుగుతున్నయ్. కొత్త వరి రకం 19 శాతం ఎక్కువ పండుతదట, కొత్త సోలార్ సెల్ ఎఫిషియెన్సీ 34.85 శాతానికి వచ్చిందట, సోలార్ కరెంటు యూనిట్ రెండు రూపాయల లోపట దొరికిందట, రెండు బ్లాక్ హోల్స్ కలిసి ఒకటైతే దాని ఉపరితలం 4 లక్షల చదరపు కిలోమీటర్లు ఉన్నదట. ఇవన్నీ నిజాలే, మనుషులు ఏండ్లకేండ్లు కష్టపడితే వచ్చిన నంబర్లే. కానీ ఏ నంబర్ చూసినా అది ఎక్కడ కొలిచిండ్రు, ఏ టైంల కొలిచిండ్రు, దేనితోని పోల్చిండ్రు అని అడగకపోతే మనకు సగమే చేతికొస్తది. ఇయ్యాల వీడియోల ఇదే పని, ఒక్కో నంబర్ పట్టుకొని అది ఎక్కడ పుట్టిందో పోయి చూద్దాం. వరంగల్ నుంచి చేస్తున్న కాబట్టి మన పొలాలు, మన రామగుండం ఎక్కువ వస్తయ్.

(స్క్రీన్ మీద: కోతకొచ్చిన వరి పొలం)

ముందు వడ్లు. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు జీనోమ్ ఎడిటింగ్, అంటే మొక్కల ఉన్న జీన్లనే మార్చి చేసిన వరి రకాలు ప్రకటించిండు. ఒకటి పూసా డీఎస్టీ రైస్ 1, ఇది మనందరికీ తెలిసిన కాటన్ దొర సన్నాలు, అంటే ఎంటీయూ 1010 నుంచి తీసింది, ఢిల్లీల చేసిండ్రు. రెండోది డీఆర్ఆర్ ధాన్ 100, దీని పేరు కమల. ఇది చేసింది హైదరాబాద్ రాజేంద్రనగర్ల ఉన్న భారతీయ వరి పరిశోధన సంస్థ. తల్లి రకం సాంబ మసూరి, మన దగ్గర బీపీటీ అంటం కదా, 5204, బాపట్లల తయారై 1986ల విడుదలైన రకం, ఇన్నేండ్లయినా మన ఇండ్లల్ల పెండ్లికైనా పండుగకైనా ఆ బియ్యమే కావాలంటరు.

కమలల ఏం చేసిండ్రంటే, వరి మొక్కల సైటోకైనిన్ అని ఒక హార్మోన్ ఉంటది, వెన్ను తయారయ్యే టైంల అది ఎంత ఎక్కువ ఉంటే అన్ని ఎక్కువ గింజలు పడతయ్. దాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి మొక్కలనే ఉంటది, ఆ ఎంజైమ్ని తయారు చేసే జీన్ పేరు సీకేఎక్స్2. ఆ జీన్‌ని క్రిస్పర్ అనే జీన్లను కత్తిరించే పద్ధతి తోని కత్తిరించి పనిచేయకుండ చేసిండ్రు, అంతే, ఇప్పుడు హార్మోన్ వెన్నుల నిలుస్తది, గింజలు ఎక్కువైతయ్. ఈ జీన్‌కి గింజల సంఖ్యకి సంబంధం ఉన్నదని జపాన్ సైంటిస్టులు 2005లనే చూపించిండ్రు. క్రిస్పర్ కనిపెట్టినోళ్లకు 2020ల నోబెల్ వచ్చింది. 2005ల తెలిసిన ముచ్చట మన సాంబ మసూరి దాకా రావడానికి ఇరవై ఏండ్లు పట్టింది, రీసెర్చ్ అంటే రాత్రికి రాత్రి అయ్యే పని కాదు, మధ్యలో ఎందరో మనుషులు ఒక మొక్క పట్టుకొని కూసుంటేనే ఇది అయితది.

ఒక డౌట్ చాలామందికి ఉంటది, ఇది బీటీ పత్తి లాంటిదేనా అని. కాదు. బీటీ పత్తి 2002ల వచ్చినప్పుడు అందుల ఒక బ్యాక్టీరియా జీన్‌ని తెచ్చి పెట్టిండ్రు, బయటి జీన్ అన్నట్టు. కమలల ఫైనల్ మొక్కల బయటి జీన్ ఏదీ లేదు, ఉన్న జీన్‌లనే చిన్న మార్పు. అందుకే 2022ల కేంద్రం ఇట్లాంటి వాటికి జీఎం పంటల, అంటే బయటి జీన్ పెట్టిన పంటల రూల్స్ నుంచి మినహాయింపు ఇచ్చింది. ఇట్ల ఇచ్చుడు కరెక్టా కాదా అని వాదన ఉన్నది, ఉండాలె కూడా, తినే తిండి కదా, కానీ వాదన చేసేటోళ్లు ముందు ఈ రెండిటి తేడా తెలుసుకొని చేస్తే మంచిగుంటది.

ఇగ ఆ 19 శాతం. దేశంల వేరే వేరే చోట్ల 2023ల, 2024ల ట్రయల్స్ పెట్టిండ్రు, అక్కడ సాంబ మసూరి సగటున హెక్టారుకు 4.5 టన్నులు ఇస్తే కమల 5.37 టన్నులు ఇచ్చింది. మన లెక్కల చెప్పాలంటే ఎకరానికి 18 క్వింటాళ్లు ఉన్నది దగ్గర దగ్గర 22 అయింది. ఇక్కడనే ఆగి ఆలోచించాలె. కాలువ కింద, మంచి నల్లరేగడి మీద, ఎరువు పద్ధతి ప్రకారం వేసే రైతును అడిగితే మా బీపీటీనే అంతకన్న ఎక్కువ పండుతది కదా అంటడు, నిజమే, అది దేశమంతటి సగటు, మన పొలం కాదు. ఆ 19 శాతం మన దగ్గర 10 కావచ్చు, 25 కావచ్చు, మన నేలల మీద కొలిస్తేనే తెలుస్తది, ఆ కొలిచే పని వరంగల్ల ఉన్న వ్యవసాయ పరిశోధన స్థానం లాంటివి మళ్లా మళ్లా చెయ్యాలె.

నాకైతే 19 శాతం కన్న ఇంకో నంబర్ ముఖ్యం అనిపిస్తది, 20 రోజులు. కమల పంటకాలం 130 రోజులు, సాంబ మసూరి కన్న 20 రోజులు ముందు కోతకొస్తది. ఇరవై రోజులంటే ఏందో వానాకాలం వరి వేసినోళ్లకు చెప్పక్కర్లే. కాకతీయ కాలువ చివరి తడి వస్తదా రాదా అని చూసే ఆయకట్టు చివరి రైతుకు అవే పంటను దక్కించే రోజులు, బోరు కింద వేసినోనికి అన్ని దినాల కరెంటు, అన్ని దినాల నీళ్లు మిగిలినట్టు, యాసంగి నారు ముందు పోసుకోవచ్చు, వడగండ్ల వాన వచ్చే టైం కన్న ముందే యాసంగి పంట ఇంటికొచ్చే అవకాశం ఉంటది. పైగా నీళ్లు నిలబెట్టిన పొలంల నుంచి మీథేన్ వస్తది కాబట్టి అన్ని రోజులు అది కూడా తగ్గుతది. సన్న వడ్లకు రాష్ట్రం 2024 వానాకాలం నుంచి క్వింటాకు 500 బోనస్ పెట్టినంక సన్నాలు వేద్దామనుకునేటోళ్లు పెరిగిండ్రు, వాళ్లకు ఇట్లాంటి రకం మస్తు అవసరం.

కానీ సీకేఎక్స్2 మార్చినంత మాత్రాన అగ్గితెగులు పోదు, బీపీటీకి ఆ తెగులు ఎంత భయమో మీకు తెలుసు. ఎండాకు తెగులు తట్టుకునే సాంబ మసూరిని హైదరాబాద్ల ఉన్న సీసీఎంబీ అనే జీవశాస్త్ర సంస్థ, వరి పరిశోధన సంస్థ రెండూ కలిసి ఎన్నడో తయారు చేసిండ్రు, మూడు జీన్లు పెట్టి, అది క్రిస్పర్ లేకుండ మామూలు బ్రీడింగ్ తోనే. ఈ గుణాలన్నీ ఒక్క విత్తనంలకు ఎప్పుడొస్తయో అని నేను ఎదురుచూస్తున్న. అప్పటిదాక ఎవరన్న కమల అని సంచి చూపిస్తే సర్టిఫైడ్ ట్యాగ్ ఉన్నదా చూసుకోండ్రి, బ్రీడర్ సీడ్, ఫౌండేషన్ సీడ్, సర్టిఫైడ్ సీడ్ అని వరుసగా పెంచుకుంట రావాలె, దానికి సీజన్లకు సీజన్లు పడతయ్.

(స్క్రీన్ మీద: ఇంటి మీద సోలార్ ప్యానెల్స్)

ఇప్పుడు ఆ 34.85 శాతం, అంటే సెల్ మీద పడ్డ వెలుగుల కరెంటుగ మారే భాగం. లాంజీ అనే చైనా కంపెనీ 2025 ఏప్రిల్ల ఈ రికార్డు చెప్పింది. సిలికాన్ ఒక్కదానితోని చేసే సెల్‌కి సిద్ధాంతం ప్రకారమే 29.4 శాతం దాటే దారి లేదు, అందుకని సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ అనే ఇంకో పొర వేస్తున్నరు, పైపొర నీలం వైపు వెలుగును, కింది పొర ఎరుపు వైపు వెలుగును పట్టుకుంటది. మంచి పని. కానీ అది చిన్న ల్యాబ్ సెల్, అదే కంపెనీ 260 చదరపు సెంటీమీటర్ల పెద్ద సెల్ మీద చేస్తే 33 శాతం వచ్చింది, సైజు పెరిగితే నంబర్ దిగుతది. పెరోవ్‌స్కైట్‌కి తడి పడదు, వేడి పడదు, మన మిద్దెల మీద ఇరవై ఐదేండ్లు నిలబడ్తదా అన్నదే అసలు పరీక్ష.

ఇంకొకటి, ఇది ప్యానెల్ పెట్టించుకునే ప్రతి ఒక్కరికీ పనికొచ్చే ముచ్చట. ప్యానెల్ వెనుక రాసిన వాట్స్ సెల్ టెంపరేచర్ 25 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచినవి. మే నెలల వరంగల్ల మిద్దె మీద ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతది, ఒక్కో డిగ్రీకి మూడో వంతు శాతం దాకా పోతది అనుకున్నా 11, 12 శాతం అక్కడనే పోయినట్టు. ఎండ ఎక్కువ ఉంటే కరెంటు ఎక్కువ అనుకుంటరు, కావాల్సింది వెలుగు, వేడి కాదు.

అందుకే నాకు రామగుండం నీళ్ల మీద ఉన్న ప్లాంట్ అంటే ఇష్టం. ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలియాడే సోలార్, 2022 జూలై 1 నుంచి పూర్తిగా నడుస్తున్నది. దాదాపు 500 ఎకరాల నీళ్ల మీద 40 బ్లాకులు, ఒక్కో బ్లాకు రెండున్నర మెగావాట్లు, ఒక్కో దాంట్ల 11,200 ప్యానెల్స్. ఇంజినీరింగ్ ఎట్లున్నదంటే ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఒడ్డు మీద లేవు, ఫెర్రో సిమెంట్ ప్లాట్‌ఫామ్ మీద నీళ్లలనే తేలుతున్నయ్, గాలికి కొట్టుకపోకుండ గట్టి తాళ్లతోని రిజర్వాయర్ అడుగున పెట్టిన కాంక్రీట్ దిమ్మెలకు కట్టిండ్రు. నీళ్ల వల్ల ప్యానెల్స్ జర చల్లగుంటయ్, ప్యానెల్స్ వల్ల ఏడాదికి 32.5 లక్షల క్యూబిక్ మీటర్ల నీళ్లు ఆవిరి కాకుండ మిగులుతయని అంచనా.

అయితే ఆ 100 మెగావాట్లు అనేది కూడా ఒక నంబరే. పొద్దంతా, రాత్రంతా, వానాకాలం మబ్బులు అన్నీ కలిపి ఏడాది సగటు తీస్తే మన దిక్కు సోలార్ ప్లాంట్ పేరులున్న దాంట్ల ఐదో వంతు దగ్గరదగ్గర ఇస్తది. పక్కనే ఉన్న బొగ్గు ప్లాంట్ 2,600 మెగావాట్లు, అది రాత్రి కూడా నడుస్తది. మెగావాట్‌ను మెగావాట్‌తోని పోలిస్తే లెక్క తప్పుతది.

ధర కూడా అంతే. 2010ల జాతీయ సోలార్ మిషన్ మొదటి వేలంల యూనిట్ 12 రూపాయల దగ్గర ఉండె, 2020 డిసెంబర్ల గుజరాత్ వేలంల 1 రూపాయి 99 పైసలకు వచ్చింది. పదేండ్లల్ల ఆరో వంతు అయింది, ఎందుకంటే ప్రపంచంల మొత్తం ప్యానెల్స్ తయారీ రెట్టింపు అయినప్పుడల్లా ధర దాదాపు 20 శాతం తగ్గుకుంట వచ్చింది, దీన్ని స్వాన్సన్ సూత్రం అంటరు. కానీ ఆ 1.99 మధ్యాహ్నం కరెంటు ధర. సాయంత్రం ఏడింటికి ఇంట్ల లైట్లు, ఫ్యాన్లు, టీవీ, వీధి దీపాలు అన్నీ ఒక్కసారి పడ్డప్పుడు సోలార్ సున్నా. అప్పుడు కరెంటు కొనే అమ్మే మార్కెట్ అయిన పవర్ ఎక్స్ఛేంజ్‌ల కొనాలంటే యూనిట్ 10 రూపాయల గరిష్ఠ పరిమితిని తాకిన రోజులు ఉన్నయ్. అదే యూనిట్, అదే వైరు, గంటను బట్టి ధర మారుతది. ఎనర్జీ ఎకనామిక్స్ చదివేటోళ్లు ఇప్పుడు తలపట్టుకునేది దీని గురించే, ఎంత పుట్టించినం అన్న దానికన్న ఎప్పుడు పుట్టింది అన్నదే ఎక్కువ విలువ.

మన రాష్ట్రానికి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉన్నది, లక్షల మోటర్లు ఉన్నయ్. ఆ మోటర్లల్ల ఎక్కువ భాగం సోలార్ ఉన్న గంటలల్ల నడిస్తే కరెంటు పంచే కంపెనీ డిస్కమ్‌కి కొనే ఖర్చు తగ్గుతది, రైతుకు రాత్రి పూట పాముల భయంల పొలం పోయే బాధ కూడా ఉండదు. నా అభిప్రాయంల బ్యాటరీల కన్న ముందు చేయాల్సింది ఇది. బ్యాటరీలు కూడా దిగుతున్నయ్ అనుకోండ్రి, లిథియం అయాన్ ప్యాక్ సగటు ధర 2010ల కిలోవాట్ అవర్‌కి వెయ్యి డాలర్ల పైన ఉండేది, 2024ల 115 డాలర్లకు వచ్చింది.

(స్క్రీన్ మీద: మ్యాప్, వరంగల్ నుంచి నిజామాబాద్, బాసర, నాందేడ్, హింగోలి)

ఆఖరిది బ్లాక్ హోల్స్. 2025 జనవరి 14న అమెరికాల ఉన్న లైగో అనే రెండు గురుత్వాకర్షణ అలల డిటెక్టర్లకు ఒక సిగ్నల్ తగిలింది, పేరు జీడబ్ల్యూ250114. ఒక్కోటి మన సూర్యుని కన్న ముప్పై రెట్ల పైన బరువున్న రెండు బ్లాక్ హోల్స్ తిరిగి తిరిగి ఒకటైపోయినయ్, ఆ కుదుపు గురుత్వాకర్షణ అలలాగ మన దాకా వచ్చింది. కలవక ముందు రెండిటి ఉపరితలం కలిపి 2,40,000 చదరపు కిలోమీటర్లు, కలిసినంక దాదాపు 4,00,000. ఉపరితలం ఎన్నటికీ తగ్గదు అని స్టీఫెన్ హాకింగ్ 1971ల చెప్పిండు, అది ఇంత స్పష్టంగ కనబడ్డది ఇప్పుడే, 2025 సెప్టెంబర్ల పేపర్ వచ్చింది.

ఇది ఎట్ల కొలిచిండ్రు? రెండు గొట్టాలు, ఒక్కోటి 4 కిలోమీటర్లు, ఎల్ ఆకారంల. లోపట గాలి లేదు. లేజర్ పోయి అద్దం మీద కొట్టి తిరిగొస్తది, ఆ అద్దాలు ఒక్కోటి 40 కిలోలు, సన్నటి గాజు తీగలతోని వేలాడదీసిండ్రు. అల వచ్చినప్పుడు 4 కిలోమీటర్ల పొడవు మారేది ప్రోటాన్ సైజుల వెయ్యో వంతు కన్న తక్కువ. దూరంగ లారీ పోయినా, సముద్రపు అలలు ఒడ్డుకు కొట్టినా అద్దం అంతకన్న ఎక్కువ ఊగుతది. మరి ఎట్ల నమ్మాలె? అందుకే రెండు డిటెక్టర్లు, ఒకటి హాన్‌ఫోర్డ్ల, ఇంకోటి లివింగ్‌స్టన్ల, మధ్యల 3,000 కిలోమీటర్లు. ఒక దగ్గర లారీ పోతే ఒక్క దగ్గరనే తెలుస్తది, రెండు చోట్లా ఒకే ఆకారంల, సెకనుల వందో వంతు లోపల తేడాతోని వస్తేనే అది ఆకాశం నుంచి వచ్చినట్టు. వడ్ల ట్రయల్ ఒక్క పొలంల కాకుండ చాలా చోట్ల పెట్టేది కూడా అందుకే.

కానీ రెండిటితోని దిక్కు సరిగ్గ తెలవదు, మనకు రెండు చెవులున్నా చప్పుడు ముందు నుంచా వెనుక నుంచా అని ఒక్కోసారి తెలవనట్టు. 2017 ఆగస్టు 17న ఇటలీల ఉన్న వర్గో అనే డిటెక్టర్ కూడా ఉండబట్టే రెండు న్యూట్రాన్ నక్షత్రాలు కలిసిన చోటు ఆకాశంల చిన్న ముక్కకు కుదిరింది, టెలిస్కోపులు అటు తిప్పి వెలుగును కూడా పట్టుకున్నరు. అమెరికాకు, యూరప్‌కు దూరంగ ఇంకో డిటెక్టర్ ఉంటే ఆ ముక్క ఇంకా చిన్నగైతది. అది మన పక్కనే వస్తున్నది. బాసర దాటి నాందేడ్, నాందేడ్ దాటితే హింగోలి జిల్లా, ఔంఢా నాగనాథ్ గుడికి పోయినోళ్లకు ఆ దారి తెలుసు. 2023 ఏప్రిల్ల కేంద్ర కేబినెట్ 2,600 కోట్లతోని లైగో ఇండియాకు ఓకే చెప్పింది, అవే 4 కిలోమీటర్ల గొట్టాలు అక్కడ పడతయ్.

ఇంటర్, బీటెక్, డిప్లొమా చదివే పిల్లలు ఈ వీడియో చూస్తుంటే ఒక మాట. అక్కడ ఫిజిక్స్ పీహెచ్‌డీ ఒక్కటే కాదు, కిలోమీటర్ల పొడుగు స్టీల్ గొట్టాలకు గాలి చొరకుండ వెల్డింగ్ కావాలె, వాక్యూమ్ పంపులు కావాలె, అద్దం ఊగకుండ ఆపే కంట్రోల్ సిస్టమ్స్ కావాలె, వచ్చిన డేటాల లారీ ఏది అల ఏది అని వేరు చేసే ప్రోగ్రామింగ్ కావాలె. వరంగల్ ఎన్‌ఐటీలనో, కాకతీయ యూనివర్సిటీలనో, మీ ఊరి పాలిటెక్నిక్‌లనో నేర్చుకునే పనులే ఇవి. లైగో ఇండియా వెబ్‌సైట్‌ల ఉద్యోగాల నోటిఫికేషన్లు పెడ్తుంటరు, అప్పుడప్పుడు తెరిచి చూడుర్రి, లైగో పాత సిగ్నల్స్ డేటా కూడా అందరికీ ఫ్రీగ డౌన్‌లోడ్‌కి పెట్టిండ్రు, పైథాన్ కొంచెం వచ్చినా 2015 సెప్టెంబర్ 14న దొరికిన మొట్టమొదటి సిగ్నల్‌ని మీ లాప్‌టాప్ మీద మీరే గీసి చూసుకోవచ్చు. వచ్చే వీడియోల అదే స్టెప్ బై స్టెప్ చేసి చూపిస్త.