శ్లాబు పెచ్చులూడితే ఏం చేయాలి? – విశాఖ ఫోన్-ఇన్

యాంకర్: లాసన్స్ బే కాలనీ నుంచి కాల్. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండి. 1985లో కట్టిన ఇల్లు. వంటగది శ్లాబు పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. ప్లాస్టరింగ్ చేసేస్తే చాలంటున్నాడు మేస్త్రి.

ఇంజనీరు: వద్దమ్మా. తుప్పు అలాగే ఉంచి పైన పూస్తే ఆ పూత కూడా రాలిపోతుంది. 1867లో ఫ్రాన్సు తోటమాలి మోనియే, లోపల ఇనుము పెట్టిన సిమెంటు పూలకుండీలకు పేటెంట్ తీసుకున్న నాటి నుంచీ, ఇనుముకి సిమెంటే కాపలా అన్న నమ్మకం ఉంది. నిజమే, కానీ పైన కాంక్రీటు మందంగా, గట్టిగా ఉంటేనే. సముద్రపు గాలిలోని ఉప్పు చువ్వదాకా చేరితే ఆ కాపలా పోతుంది. తుప్పు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు తీసుకుని కాంక్రీటుని కిందికి నెట్టేస్తుంది. మీ ఇల్లు కట్టేనాటి 1978 కోడ్‌లో, అంటే కాంక్రీటు కట్టడాలకి దేశమంతా పాటించే ప్రమాణంలో, శ్లాబుకి కవర్, అంటే చువ్వని కప్పే కాంక్రీటు మందం, 15 మి.మీ. మాత్రమే. పోత పోసేటప్పుడు చువ్వల కింద పెట్టిన కంకర ముక్క జారితే అదీ మిగలదు. 2000 కోడ్ వచ్చాక, సముద్రపు గాలి తగిలే కాంక్రీటుకి 45 మి.మీ. కవర్, ఎం30 అనే గట్టి గ్రేడు కాంక్రీటు అడుగుతున్నారు. డాబా మీద నీళ్లు నిలుస్తాయా?

శ్రోత: నిలుస్తాయండి, ఓ మూల.

ఇంజనీరు: ముందు అది ఆపాలి. వాలు సరిచేసి వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. తర్వాత కింద జాకీలు పెట్టి, సుత్తితో కొట్టి చూడండి. డొల్లగా మోగిన చోటల్లా, చువ్వ వెనక 20 మి.మీ. దాకా కొట్టేయాలి. తళతళలాడేదాకా తుప్పు గీకాలి. నాలుగో వంతు అరిగిన చువ్వ పక్కన కొత్తది కట్టాలి. తుప్పు నిరోధక ప్రైమరు, పాత కాంక్రీటుకి కొత్తది అతుక్కునేలా బాండ్ కోటు, ఆపై పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టారు వేయాలి. ఒక్కసారిగా దట్టంగా వేస్తే జారిపోతుంది, పొరలుగా వేయించండి. తర్వాత తడి ఆరనివ్వొద్దు. ఎంతమంది ఇక్కడే తొందరపడి డబ్బు పోగొట్టుకుంటారో!

యాంకర్: పాత పోస్టాఫీసు దగ్గర్నుంచి మరొకరు.

శ్రోత: గానుగ సున్నం గోడండి. సిమెంటు పూత వేయించాక చెమ్మ ఇంకా పైకెక్కుతోంది.

ఇంజనీరు: ఎక్కుతుంది బాబూ. 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంట్ వచ్చింది, తర్వాత త్వరగా గట్టిపడుతుందని పాత సున్నం గోడల మీదా పూసేశారు. సున్నం తడిని బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. దాంతో ఇటుక పొడి రాలుతుంది. ఆ పూత గీకించి, గోడ ఆరాక, ఒకటికి మూడు పాళ్లలో సున్నం, కడిగిన ఏటి ఇసుక కలిపి పూయించండి. పైన సిమెంటు పెయింటు మాత్రం వేయొద్దు, వెల్ల చాలు.