మీ ఆఫీసు ఫోను ఎన్ని సెకన్లు మోగాలి?

నమస్కారమండీ. ముందు ఈ మోత వినండి. ట్రింగ్ ట్రింగ్... ట్రింగ్ ట్రింగ్... రెండు మోతలు జంటగా, తర్వాత రెండు సెకన్ల విరామం. మన దేశంలో ఫోను చేసినవాళ్ల చెవిలో వినబడే రింగు ఇది. విరామంతో కలిపి ఒక్కో జంటకు మూడు సెకన్లు. అంటే మీ పీబీఎక్స్‌లో, అదే ఆఫీసుకొచ్చే కాల్స్‌ని లోపలి ఫోన్లకు పంచే పెట్టెలో, 'రింగ్ టైమ్ 20' అని ఉంటే ఆరేడు జంటలు. అమెరికాలో ఒక్కో రింగుకు విరామంతో ఆరు సెకన్లు పడుతుంది. అందుకని అక్కడి వీడియోల్లో 'నాలుగు రింగులు చాలు' అంటే నమ్మి, ఇక్కడ 12 సెకన్లు పెట్టేసుకోకండి.

ఇప్పుడు అసలు కథ. విజయనగరంలో గంట స్తంభం దగ్గర ఒక హోల్‌సేల్ షాపు. ఫ్రీపీబీఎక్స్ అనే పీబీఎక్స్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు. ఓనరు గారు నన్ను పిలిచి, "ఏటి బాబూ, పార్టీలేమో ఎన్నిసార్లు చేసినా ఎత్తట్లేదంటన్నారు, నా ఫోనేమో ఇలా మోగి అలా ఆగిపోతంది" అన్నారు.

స్క్రీన్ చూడండి. స్వాగతం మెసేజ్ 14 సెకన్లు. కౌంటర్‌లోని ఫోన్ల గ్రూప్ 25. ఎవరూ ఎత్తకపోతే గోడౌన్, ఇంకో 25. అప్పటికీ ఎత్తకపోతే ఓనరు మొబైల్, 15. విడివిడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. కూడి చూడండి. మొబైల్ వంతు వచ్చేసరికి 64 సెకన్లు. అంతసేపు ఎవరుంటారండీ, పెట్టేస్తారు. ఓపిక పట్టినవాళ్లకూ ఇంకో చిక్కుంది. ఆ 15 సెకన్లు లెక్కపెట్టడం పీబీఎక్స్ డయల్ చేసిన క్షణం నుంచే మొదలవుతుంది. నెట్‌వర్క్ మొబైల్‌ని వెతికి పట్టుకోవడానికే నాలుగైదు సెకన్లు పోతాయి. మిగిలిన పదిలో ఆయన జేబులోంచి తీసి, కళ్లజోడు పెట్టుకునేసరికి మిస్‌డ్ కాల్!

నేను మెసేజ్‌ని ఆరు సెకన్లకు తగ్గించాను. కౌంటర్, గోడౌన్ ఒకే గ్రూపులో కలిపేసి 'రింగ్ ఆల్', అంటే అన్నీ ఒకేసారి మోగేలా, 15 సెకన్లు. తర్వాత మొబైల్ ఉన్న గ్రూప్, 25. మరి 40 ఎందుకు పెట్టలేదు? మొబైల్ 30 సెకన్లు, ల్యాండ్‌లైన్ 60 సెకన్లు మోగాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019 నవంబరులో రూలు పెట్టింది. మీరు 40 ఇచ్చినా అటువైపు 30కే ఆగిపోతుంది. అంతకు ముందే కాల్ మన చేతిలోకి వచ్చేస్తే, వాయిస్ మెయిల్‌కో ఇంకో నంబరుకో మనమే పంపుకోవచ్చు. గ్రూపులో మొబైల్ నంబరు రాస్తే చివర హ్యాష్ గుర్తు పెట్టండి, లేదంటే అది లోపలి ఎక్స్‌టెన్షన్ అనుకుంటుంది. పైన ఎర్రగా కనబడే 'అప్లై కాన్ఫిగ్' నొక్కకపోతే ఇంత చేసిందీ వృథా.

ఇక నా తప్పు కూడా చెప్పేస్తాను. పనిలో పనిగా వేళను బట్టి కాల్‌ని మళ్లించే టైమ్ కండిషన్ పెట్టాను, ఉదయం తొమ్మిదిన్నరకు తెరవడం, రాత్రికి 'షాపు మూసి ఉంది' అనే మెసేజ్. మర్నాడు పదింటికి ఓనరు గారి ఫోను. "షాపు తీసి అరగంటైంది, మీ పెట్టేమో మూసేశామంటంది!" చూస్తే ఆ పెట్టె టైమ్‌జోన్ యూటీసీలో, అంటే గ్రీనిచ్ టైములో ఉంది. మనకంటే ఐదున్నర గంటలు వెనక. అంటే మన మధ్యాహ్నం మూడు అయితే గానీ దానికి తొమ్మిదిన్నర కాదు. గంట స్తంభం నీడలో కూర్చుని గ్రీనిచ్ టైము చూసుకుంటోంది! ఆసియా/కోల్‌కతా పెట్టాక కుదిరింది.

సెలవుల విషయంలో ఒక మాట. పైడితల్లమ్మ సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. తేదీ ఏటా మారుతుంది కాబట్టి ఈ వేళలూ తేదీలూ రాసే టైమ్ గ్రూపులో ఒకసారి పెట్టి వదిలేస్తే కుదరదు, దసరా ముందు కొత్త తేదీ ఎక్కించుకోవాలి.

సరే, ఇప్పుడు బయటి మొబైల్ నుంచి కొడుతున్నాను. షాపులో ఎవరినీ ఎత్తొద్దన్నాను. స్టాప్‌వాచ్ చూడండి. మెసేజ్ అయిపోయింది... కౌంటర్ మోగుతోంది... ఇరవై ఒకటి, మొబైల్‌కి వెళ్లింది... ముప్పై మూడు...

"హలో, ఎవలండీ?"

నేనేనండీ, టెస్టింగ్!