కరక్కాయ సారం: నీళ్లలో తీయాలా, స్పిరిట్‌లో తీయాలా?

టేబుల్ మీద నాలుగు ఫ్లాస్కులు చూడండి. నాలుగింట్లోనూ ఉన్నది రాయగడ సంతలో కొన్న ఒకే కరక్కాయ పొడి. ఒడియావాళ్లు హరిడా అంటారే, అదే. ఇందులో కాఫీ డికాషన్ రంగు దిగింది. ఇందులో పైన తేరింది మంచినీళ్లలా ఉంది. కాయ మారలేదు, పోసిన సాల్వెంటే (సారాన్ని లాగే ద్రవమే) మారింది. పర్లాకిమిడి, గుణుపూరు వైపు డిగ్రీ ప్రాజెక్టుకి ఈ పని, అంటే ఏ సాల్వెంట్‌లో తీసిన సారానికి యాంటీఆక్సిడెంట్ బలం ఎక్కువో పోల్చడం, ఎత్తుకునేవాళ్లు తరచు తప్పే చోట్లు రెండు మూడున్నాయి. అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ముందు పొడి. గింజ తీసేయండి, టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) ఎక్కువగా ఉండేది పెచ్చులోనే. నీడలో ఆరబెట్టి, స్టీలు మిక్సీ జారులో కొట్టి, 40 మెష్ జల్లెడ పట్టండి. మరీ మెత్తగా కొడితే ఫిల్టర్ పేపరు పూడిపోతుంది. ఇనుప రోకలి మాత్రం వద్దు. కరక్కాయ టానిన్‌కి ఇనుము తగిలితే నల్లబడుతుంది. కలంకారీ బట్ట మీద నలుపు పుట్టేది ఇలాగే. బోరు నీళ్లలోనూ ఇనుము ఉండొచ్చు కాబట్టి డిస్టిల్డ్ వాటరే వాడాలి.

ఫ్లాస్కుకి 10 గ్రాముల పొడి, 100 మిల్లీలీటర్ల సాల్వెంట్. హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్, 70 శాతం ఇథనాల్, నీళ్లు. షేకర్ మీద ఆరు గంటలు తిప్పి వడగట్టి, అదే పిప్పికి మళ్లీ 100 పోసి ఇంకో ఆరు గంటలు. ఎండాకాలంలో నీళ్ల ఫ్లాస్కుని రోజంతా బయట ఉంచితే పులుస్తుంది. అలాగని దానికొక్కదానికే టైము తగ్గిస్తే పోలిక చెడుతుంది.

మీ దగ్గరున్నది 95 శాతం స్పిరిటైతే 74 మిల్లీలీటర్లు తీసుకుని, నీళ్లతో 100 గీత దాకా నింపండి. 26 కొలిచి పోయొద్దు. స్పిరిటూ నీళ్లూ కలిస్తే మొత్తం కొలత తగ్గుతుంది. రంగు కలిపిన డీనేచర్డ్ స్పిరిట్ అసలు పనికిరాదు.

సాధారణంగా ఈ 70 శాతందే పైచెయ్యి. అందులోని నీళ్లకి పొడి ఉబ్బుతుంది, ఆల్కహాలు ప్రోటీన్లని అంటుకున్న ఫినాల్స్‌ని (టానిన్లు ఈ జాతివే) విడదీస్తుంది. ఉత్త నీళ్లలోకి చక్కెరలు, జిగురు కూడా దిగుతాయి. హెక్సేన్‌కి దొరికేది నూనె, మైనం.

ఆర్గానిక్ సాల్వెంట్లని 40 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో తీసేయండి, దగ్గర మంట ఉండకూడదు. నీళ్లది వెడల్పు పళ్లెంలో పోసి 45 డిగ్రీల ఓవెన్‌లో పెట్టండి. స్టవ్ మీద గంటల తరబడి మరిగిస్తే చెబులినిక్ యాసిడ్ లాంటి టానిన్లు విరిగి గాలిక్ యాసిడ్ విడిపోతుంది. అప్పుడు మీరు కొలిచేది వేరే సరుకు.

ఇక డీపీపీహెచ్ పరీక్ష. దీని ద్రావణం వంకాయ రంగులో ఉంటుంది, యాంటీఆక్సిడెంట్ తగిలితే పసుపవుతుంది. 100 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3.94 మిల్లీగ్రాములు, అప్పటికప్పుడు కలిపి ఫాయిల్ చుట్టండి. ఇందులో 3 మిల్లీలీటర్లు, సారం 1 మిల్లీలీటర్, చీకట్లో 30 నిమిషాలు, 517 నానోమీటర్ల దగ్గర రీడింగ్. కరక్కాయ సారం ఘాటైనది. మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాముతో మొదలెడితే గొట్టాలన్నీ పసుపైపోయి ఐసీ 50 (సగం రంగు పోగొట్టే మోతాదు, ఇది ఎంత తక్కువైతే సారానికి అంత బలం) దొరకదు. 100 మైక్రోగ్రాముల నుంచి సగం సగం చేస్తూ 6.25 దాకా దిగండి. ఇదిగో, ఈ మూడో గొట్టంలో ఇంకా లేత వంకాయ రంగు మిగిలింది చూశారా? మనకి కావాల్సింది ఇలాంటి గొట్టాలే.

ప్రతి సారానికీ డీపీపీహెచ్ లేకుండా మిథనాల్‌తో ఒక రంగు బ్లాంక్ పెట్టి, ఆ రీడింగ్ తీసేయండి. హెక్సేన్ సారం మిథనాల్‌లో సరిగా కరగక మసకబారుతుంది. ఆ మసక కూడా రీడింగ్‌లో కలుస్తుంది. వెంటనే "దీనికి శక్తి లేదు" అని రాసేయకండి.

చివరిది లెక్క. మచ్చుకి, నీళ్లలో 4 గ్రాముల సారం వచ్చి ఐసీ 50 ఇరవై అనుకుందాం. ఇథైల్ ఎసిటేట్‌లో అర గ్రామే వచ్చి ఐసీ 50 పది. గ్రాము సారానికి ఎసిటేట్‌ది రెట్టింపు బలం. అదే 10 గ్రాముల పొడికి చూస్తే నీళ్లు ఎనిమిది రెట్లు సరుకు తీశాయి, బలం సగం, అంటే మొత్తం మీద నాలుగు రెట్లు ఎక్కువ. పట్టికలో రెండు వరసలూ ఉండాలి. ఒక్క ఐసీ 50 ఇచ్చి ఊరుకుంటే వైవాలో మొదట పట్టుకునేది అదే.

వాడేసిన హెక్సేన్ సింకులో పోయకండి, మూతున్న సీసాలో పోసి పేరు రాసి పెట్టండి.