ఎనిమిది గంటల ఇంజెక్షన్: వెన్నుపాము గాయానికి మందులు చేయగలిగిందెంత?

నమస్కారం. కనిగిరి వైపు తాటిచెట్టు మీదినుంచి గీత కార్మికుడు పడినా, కావలి దగ్గర హైవే మీద బైకు బోల్తాపడినా, కాళ్లు కదలని ఆ మనిషి మంచం చుట్టూ చేరిన బంధువుల నోట వినిపించే మాట ఒకటే: "ఎనిమిది గంటల్లోపల ఆ సూది ఏసుంటే లేచి నడిచుండేవాడంట గదా!" ఈ మాట నాకు చిరాకు తెప్పిస్తుంది, ఎందుకంటే దీన్ని నమ్మిన ఇంటివారు తమనో, మొదట చూసిన డాక్టరునో ఏళ్ల తరబడి నిందిస్తూనే ఉంటారు.

ఆ సూది మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. దాని పని అర్థం కావాలంటే చెరువు కట్టను తలచుకోండి. ఎముక విరిగి వెన్నుపామును నలిపిన క్షణంలోనే కట్టకు గండి పడిపోయింది. ఆ తర్వాత గండినీరు కింది పొలాలను ఒక్కొక్కటిగా ముంచినట్లు, వాపు, రక్తప్రసరణ తగ్గడం, నలిగిన కణాలనుంచి గ్లుటమేట్ (నరాల కణాలు సంకేతాలు పంపుకునే రసాయనం) పొంగిపొర్లడం కలిసి, గంటలనుంచి రోజులదాకా చుట్టుపక్కల మిగిలిన మంచి కణాలను కూడా చంపుతాయి. ఈ మందు ఆ నీటికి అడ్డువేసే ఇసుక బస్తాయే గాని, తెగిన కట్టను తిరిగి పోసేది కాదు.

ఈ మందును రోగుల మీద పరీక్షించి 1990లో అమెరికాలో ఫలితాలు వెల్లడించిన అధ్యయనంలో కిలో బరువుకు 30 మిల్లీగ్రాములు ముందుగా ఇచ్చి, తర్వాత 23 గంటలపాటు కిలోకు గంటకు 5.4 మిల్లీగ్రాముల చొప్పున ఎక్కించారు. 60 కిలోల మనిషికి అది 9 గ్రాములు దాటుతుంది. చిన్న మోతాదేమీ కాదు. రోగులందరినీ కలిపి చూస్తే ప్రయోజనం కనబడలేదు. 8 గంటల్లోపు మందు అందినవారిని విడదీసి లెక్కించినప్పుడే కండరాల బలంలో కొద్దిపాటి మెరుగు కనిపించింది, ఆ విడదీయడం మీదే వివాదం ఇప్పటికీ నడుస్తోంది. పైగా ఈ బస్తాలకు మట్టిని మనం పక్క చెరువు కట్టనుంచే తవ్వుతున్నాం, అంటే ఈ మందు వేరే హాని తెచ్చిపెట్టవచ్చు: ఇన్‌ఫెక్షన్లు, న్యుమోనియా, కడుపులో రక్తస్రావం, షుగరు పెరగడం. అందుకే 2013లో అమెరికా న్యూరోసర్జన్ల సంఘాలు దీన్ని వాడవద్దన్నాయి. 2017లో మరో మార్గదర్శకం మాత్రం 8 గంటల్లోపైతే 24 గంటలపాటు ఇవ్వడాన్ని పరిశీలించవచ్చని, అదీ బలహీనమైన సూచనగానే చెప్పింది. కాబట్టి ఇవ్వని డాక్టరు తప్పు చేసినట్లు కాదు, ఇచ్చిన డాక్టరు అద్భుతం చేసినట్లూ కాదు.

సమయం అయిపోతోంది గనుక ఈ గాయానికి ప్రయత్నించిన మిగతా మందుల సంగతి త్వరగా చెబుతాను. నాలోక్సోన్ అనే మందు అదే 1990 పరీక్షలో నిలవలేదు. జీఎం-1 గ్యాంగ్లియోసైడ్ పెద్ద పరీక్షలో ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు. గ్లుటమేట్‌ను తగ్గించే రిలుజోల్ మీద పరీక్ష కోవిడ్ కాలంలో ముందే ఆగిపోయి, ప్రధాన ఫలితం చూపలేకపోయింది.

ఎవరూ పేరెత్తని మందులు మాత్రం రోజూ పనిచేస్తున్నాయి: గాయపడిన చోటికి రక్తం అందేలా బీపీ నిలబెట్టే నోరడ్రినలిన్, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్. వీటితోపాటు, వీలైతే 24 గంటల్లోపు ఆపరేషన్. వీటన్నిటికంటే ముందు, పడినవాణ్ణి కాళ్లూ చేతులూ పట్టి ఆటోలో వేయకుండా, మెడ కదలనివ్వకుండా 108 వచ్చేదాకా ఆగాలి.