ఓనర్ డల్లాస్‌లో, మేం పటమటలో, మధ్యలో మేనేజర్: మా 11 నెలల రివ్యూ

నమస్కారమండీ అందరికీ. ఇవాళ ఫోనూ కాదు బైకూ కాదు, ఓనర్ల తరఫున అద్దె ఇళ్లు చూసుకునే మేనేజ్‌మెంట్ వాళ్ల మీద రివ్యూ. మాది విజయవాడ పటమటలో టూ బీహెచ్‌కే, ఓనర్ గారు డల్లాస్‌లో ఉంటారు, ఆయన్ని వీడియో కాల్‌లో ఒక్కసారి చూశాం అంతే, మిగతాదంతా మేనేజరే. కంపెనీ పేరు చెప్పను, అడగొద్దు.

ముందు మంచి చెప్పుకుందాం. అద్దె కొట్టిన పది నిమిషాల్లో రసీదు వాట్సాప్‌లో పడిపోద్ది. ఎప్పుడు చేసినా ఫోన్ ఎత్తుతాడు, పాపం మర్యాదస్తుడే. కాకపోతే ఎత్తి "చెప్తానండి" అంటాడు, ఆ చెప్పేది ఏమని చెప్తాడో దేవుడికే తెలియాలి.

జులైలో బెడ్‌రూమ్ గోడ చెమ్మెక్కింది. నేను చెప్పిందేమో "పై వాళ్ల బాత్రూమ్ లీకండీ, తడి స్విచ్ బోర్డు దాకా వచ్చింది, పిల్లలున్నారు, షాక్ కొడుద్దేమోనని భయంగా ఉంది" అని. ఆయన ఓనర్ గారికి చెప్పింది "వాళ్లు పెయింట్ అడుగుతున్నారు సార్" అని! ఆయన మాత్రం ఏమంటారు, దిగి మూడు నెలలు కాలేదు అప్పుడే పెయింటా అన్నారంట, అది మా దాకా వచ్చేసరికి "ఓనర్ గారు కోపంగా ఉన్నారండి" అయింది. ఇలా మూడు వారాలు.

చివరికి మా ఆవిడే ముగ్గురం ఉండేలా వాట్సాప్ గ్రూప్ పెట్టించింది. ఫొటో, ప్లంబర్ చెప్పిన రేటు, అన్నీ అందులోనే. రాత్రి తొమ్మిదికి పెట్టాం, అక్కడ పొద్దున పదిన్నర, ఓనర్ గారు చూసి "అయ్యో ఇదా సంగతి" అన్నారు, నాలుగో రోజుకల్లా పైపు మారిపోయింది.

ఇంకోటి, చెప్పాపెట్టకుండా ఇల్లు చూస్తామని వచ్చెయ్యడం. 2021లో కేంద్రం తెచ్చిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో ఓనరైనా మేనేజరైనా లోపలికి రావాలంటే 24 గంటల ముందు రాతపూర్వకంగానో మెసేజ్‌లోనో చెప్పాలని ఉంది, కానీ అది రాష్ట్రాలకి నమూనా మాత్రమే, అందుకే ఆ ముక్క అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి. మేం మొన్న రెన్యువల్‌లో రాయించాం. 3,000 లోపు రిపేరైతే మేనేజరే చేయించేయొచ్చని కూడా రాయించాం, కుళాయి వాషర్‌కి డల్లాస్ పర్మిషన్ ఏంటండీ బాబూ!

రేటింగ్ అంటే 5కి 3, గ్రూప్ పెట్టకముందైతే ఒకటిన్నర. అడ్వాన్స్ సంగతి ఖాళీ చేసిన రోజున ఇంకో వీడియోలో చెప్తా.