పక్కపక్కన ఉన్నంత మాత్రాన పర్యాయపదాలు కావు: ఇంగ్లీషులో తుపాకి మాటలు

అందరికీ నమస్కారం.

ఇంగ్లీషు పర్యాయపద నిఘంటువులో ‘గన్’ దగ్గర ఆగి చూడండి. ఫైర్‌ఆర్మ్, రైఫిల్, పిస్టల్, రివాల్వర్, షాట్‌గన్, మస్కెట్, కార్బైన్ అన్నీ వరుసగా కనిపిస్తాయి. వార్తలు అనువదించేవాళ్లు, సబ్‌టైటిల్స్ రాసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతారు. ఒకే మాట మళ్లీ మళ్లీ రాస్తే బాగోదని మొదటి వాక్యంలో రివాల్వర్, రెండో వాక్యంలో పిస్టల్, మూడో దాంట్లో రైఫిల్ అని రాసేస్తారు. హంతకుడు ఒక్కడే, చదివేవాళ్లకు మాత్రం మూడు ఆయుధాలు కనిపిస్తాయి. ఆ వరుసలో ఉన్న ఒక్కో మాట ఆయుధం గురించి ఒక్కో సంగతి చెబుతుంది. అదేమిటో తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది.

రైఫిల్ అనే మాట గొట్టం లోపలి సంగతి చెబుతుంది. లోపలి గోడ మీద మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి. వాటి వల్ల తూటా తన చుట్టూ తాను తిరుగుతూ బయటికొస్తుంది, అందుకే చాలా దూరం గురి తప్పకుండా పోతుంది. ‘రైఫ్లింగ్’ అంటే ఆ గాడులే. పాతకాలపు మస్కెట్లకు సాధారణంగా అవి ఉండవు, గొట్టం లోపల నున్నగా ఉంటుంది. షాట్‌గన్ కూడా ఎక్కువగా అంతే, కాకపోతే దాంట్లోంచి ఒక్క తూటా బదులు బోలెడు చిన్న గుళ్లు చెదురుతూ వస్తాయి. కార్బైన్ అంటే పొట్టి గొట్టం రైఫిల్. గుర్రపు సైనికులకు వీలుగా ఉండేది.

చేత్తో పట్టుకుని పేల్చే చిన్నవాటన్నిటికీ హ్యాండ్‌గన్ ఉమ్మడి పేరు. వాటిలో రివాల్వర్‌కు ఆ పేరు తూటాలు పట్టే తిరిగే చక్రం వల్ల వచ్చింది. అమెరికాలో శామ్యూల్ కోల్ట్ 1836లో పేటెంట్ తీసుకున్నది దానికే. పిస్టల్ అంటే ఈ రోజుల్లో ఎక్కువమంది అనుకునేది పిడిలో మ్యాగజైన్, అంటే తూటాల డబ్బా, దూర్చే రకాన్ని. డిటెక్టివ్ కథ రాసేవాళ్లకు ఈ తేడా చాలా ముఖ్యం. అలాంటి పిస్టల్ పేల్చిన ప్రతిసారీ ఖాళీ కేసును, అంటే తూటా డొప్పను, పక్కకు విసిరేస్తుంది. రివాల్వర్ విసరదు, మనం తెరిచి తీసేదాకా ఖాళీ కేసులు చక్రంలోనే ఉంటాయి. హంతకుడి చేతిలో రివాల్వర్ పెట్టి, ఇన్‌స్పెక్టర్ చేత గచ్చు మీద ఖాళీ కేసులు ఏరించే కథలు నాకు తగులుతూనే ఉంటాయి. అలాంటి కథలో హంతకుడెవరైతే నాకేం అనిపిస్తుంది.

ఖాళీ కేసు అన్నాను కాబట్టి కార్ట్రిడ్జ్‌ను కాస్త దగ్గరగా చూద్దాం. పైన మొన ఉంటుంది, దాన్నే బుల్లెట్ అంటారు. కింద ఇత్తడి డొప్ప, అది కేసు. డొప్పలో మందు. అడుగున మధ్యలో చిన్న బిళ్ల, దాని పేరు ప్రైమర్. ట్రిగ్గర్ లాగితే సూది ఆ బిళ్లను కొడుతుంది, మందు అంటుకుంటుంది, మొన ఎగిరిపోతుంది. ఈ మొత్తం కలిపి కార్ట్రిడ్జ్. లెక్కపెట్టేటప్పుడు దాన్నే రౌండ్ అంటారు. మనం అన్నిటికీ ‘తూటా’ అనే వాడేస్తున్నాం. “సంఘటన స్థలంలో ఐదు తూటాలు దొరికాయి” అని రాస్తే ఏం అర్థం చేసుకోవాలి? పేలని రౌండ్లు ఐదు పడి ఉన్నాయా, గోడలోంచి ఐదు మొనలు తీశారా, ఐదు ఖాళీ డొప్పలు దొరికాయా? మొదటి దాంట్లో కాల్పులు జరిగినట్టే రుజువు లేదు. ‘పేలని తూటా’, ‘ఖాళీ డొప్ప’ అని విడదీసి రాస్తే పోయేదేమీ లేదు, రెండక్షరాలు పెరుగుతాయి అంతే.

కార్ట్రిడ్జ్ మాటకు మూలంలో ఉన్నది కాగితం. ఒకప్పుడు మందునూ గుండునూ కాగితంలో చుట్టి ఇచ్చేవారు, సిపాయి ఆ చివర పళ్లతో కొరికి చింపి గొట్టంలో పోసేవాడు. 1857లో ఎన్‌ఫీల్డ్ తూటాల కొవ్వు మీద అంత గొడవ ఎందుకైందో ఈ ఒక్క పని తెలిస్తే అర్థమవుతుంది. తూటాను నోటితో కొరకాలి మరి.

అంకెల దగ్గర ఇంకో తిరకాసు. క్యాలిబర్ తేలికే, గొట్టం ఎంత వెడల్పో చెబుతుంది. 9 మిల్లీమీటర్లు అంటే సుమారుగా అంతే వెడల్పు. షాట్‌గన్‌కు మాత్రం గేజ్ అంటారు, అది తలకిందుల లెక్క. ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు ఎన్ని కలిస్తే ఒక పౌండు బరువు తూగుతాయో, అదే గేజ్. అందుకే 12 గేజ్ గొట్టం 20 గేజ్ కన్నా పెద్దది. “20 గేజ్ అంటే మరీ భారీ ఆయుధం” అని రాసేస్తే తుపాకి తెలిసినవాళ్లు నవ్వుకుంటారు.

ఆటోమేటిక్, సెమీ ఆటోమేటిక్ తేడా ఒక్క వాక్యంలో అయిపోతుంది. ట్రిగ్గర్ ఒకసారి లాగితే ఒక్కటే పేలితే సెమీ, పట్టుకున్నంతసేపూ పేలుతూ ఉంటే ఆటోమేటిక్. ‘అసాల్ట్ రైఫిల్’ అనేది సైనిక పదం, రెండు రకాలుగానూ పేల్చగలిగే రైఫిల్. ‘అసాల్ట్ వెపన్’ అనేది ప్రధానంగా అమెరికా చట్టాల్లోంచి, రాజకీయ వాదనల్లోంచి వచ్చిన మాట. అక్కడ 1994 నుంచి 2004 దాకా నిషేధం ఉన్నది ఆ పేరు మీదే, వర్తించింది సెమీ ఆటోమేటిక్ ఆయుధాలకు. రెంటినీ కలిపేస్తే వార్త తప్పుతుంది.

మనుషుల పేర్లు కూడా ఈ నిఘంటువులో చాలా ఉన్నాయి. ష్రాప్‌నెల్ అనేది హెన్రీ ష్రాప్‌నెల్ అనే బ్రిటిష్ ఫిరంగిదళ అధికారి ఇంటిపేరు. ఆయన తయారుచేసింది లోపల గుళ్లు నింపిన గుండు. ఇప్పుడు ఏ బాంబు పేలి ఏ ముక్క ఎగిరినా ష్రాప్‌నెలే. జేబులో పట్టే డెరింజర్ పిస్టల్ కథ మరీ విడ్డూరం. దాన్ని తయారుచేసిన హెన్రీ డెరింజర్ ఇంటిపేరును ఇంగ్లీషులో రాస్తే మధ్యలో ఒకటే ‘ఆర్’. నకళ్లు పుట్టుకొచ్చాక రెండు ‘ఆర్’లతో రాసిన రూపమే ఆ రకం పిస్టల్‌కు సామాన్య పేరుగా స్థిరపడింది. 1865లో లింకన్‌ను చంపింది మాత్రం ఒక్క ‘ఆర్’ డెరింజర్‌తోనే. అసలు ‘గన్’ అనే మాటే ఒక ఆడపేరు నుంచి వచ్చిందని భాషా చరిత్రకారులు చెబుతారు. 1330 ప్రాంతంలో విండ్సర్ కోటలోని ఆయుధాల జాబితాలో ఒక పెద్ద యంత్రపు వింటికి ‘డొమినా గునిల్డా’, అంటే గునిల్డా దొరసాని అని పేరు రాసి ఉంది.

జాతీయాల గురించి ఎక్కువ చెప్పను. ‘లాక్, స్టాక్ అండ్ బ్యారెల్’ మస్కెట్‌లోని మూడు భాగాలు, మన దగ్గర ‘తట్టాబుట్టాతో సహా’ దగ్గరగా వస్తుంది. ‘ఫ్లాష్ ఇన్ ద పాన్’ అంటే పాత తుపాకికి పక్కనుండే చిన్న పళ్లెంలో మందు భగ్గుమని, అసలు గుండు పేలకపోవడం. చాలా చోట్ల ‘మూణ్ణాళ్ల ముచ్చట’ సరిపోతుంది. ‘ఫైర్’ అనే ఆజ్ఞ కూడా మందుకు నిప్పంటించడం నుంచి వచ్చిందే. విలుకాళ్ల సైన్యాన్ని చూపించే సినిమాల్లో సేనాపతి ‘ఫైర్’ అని అరుస్తాడు. బాణానికి నిప్పుతో పనేముంది? ఇంగ్లీషులో దానికి ‘లూజ్’ అనాలి. మనకు ‘వదలండి’ ఉండనే ఉంది.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైనవి క్రియలు. పేర్లు తప్పితే ఆయుధం మారుతుంది, క్రియ తప్పితే నేరం ఎవరిదో మారిపోతుంది. ‘షాట్ హిమ్’ అంటే తూటా తగిలింది. ‘షాట్ ఎట్ హిమ్’ అంటే అతని వైపు పేల్చారు, తగిలిందో లేదో ఆ మాట చెప్పదు. మొదటిది ‘కాల్చాడు’, రెండోది ‘అతని మీద కాల్పులు జరిపాడు’. ‘షాట్’ అన్నంత మాత్రాన చనిపోయినట్టు కాదు, చనిపోతే ‘షాట్ డెడ్’ అని విడిగా చెబుతారు. తొందరలో ‘కాల్చి చంపాడు’ అని రాసేస్తే, ఆస్పత్రిలో బతికున్న మనిషిని మన వాక్యం చంపేస్తుంది.

‘ద గన్ వెంట్ ఆఫ్’ అంటే ‘తుపాకి పేలింది’. పేల్చిందెవరో ఆ వాక్యంలో లేడు. నిజంగా తెలియనప్పుడు అది నిజాయతీ గల వాక్యమే. తెలిసీ వాడితే మాత్రం ఎవరినో కాపాడుతున్నట్టే. అమెరికా పోలీసు ప్రకటనల్లో ‘ఆఫీసర్ ఇన్వాల్వ్‌డ్ షూటింగ్’ అని ఒక మాట తరచూ కనిపిస్తుంది. ‘పోలీసు అధికారికి సంబంధమున్న కాల్పులు’ అని తెలుగు చేస్తే ఆ అధికారి కాల్చాడా, ఆయన్నే కాల్చారా అన్నది తేలదు. కాల్చింది ఎవరో ప్రకటనలో కింద చెప్పే ఉంటే, తెలుగు వాక్యం అతనితోనే మొదలుపెట్టండి.

‘ఎక్స్‌చేంజ్ ఆఫ్ ఫైర్’ మరీ జాగ్రత్తగా చూడాల్సిన మాట. ‘ఎదురుకాల్పులు’ అని మన చేతికి అలవాటుగా వచ్చేస్తుంది. రెండు వైపుల నుంచీ కాల్పులు జరిగాయన్న వాదన ఆ మాటలోనే ఉంది. ఒక పక్షం మాత్రమే అలా చెబుతుంటే ‘ఎదురుకాల్పులు జరిగాయని పోలీసులు చెబుతున్నారు’ అని రాయాలి, హెడ్డింగ్‌లో చోటు చాలకపోయినా సరే. ఒక వైపు కాల్చినట్టే తెలిస్తే ‘కాల్పులు’ చాలు, ‘ఎదురు’ తీసేయండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.